చేతులతో చెప్పినదీ మాటే

మా అమ్మాయి పుట్టు బధిర. ఆమెకు నాలుగేళ్లు ఉన్నప్పుడు స్పీచ్ థెరపీ గదిలో కిటికీ వైపు చూసి, చేతులతో "వాన, నాన్న, గొడుగు లేదు" అని చెప్పింది. థెరపిస్ట్ ఆ చిన్న చేతులను నెమ్మదిగా ఒడిలోకి దించి, నోటితో చెప్పమన్నారు. ఆ రోజు నివేదికలో "పలికిన పదాలు: రెండు" అని రాశారు, వాననూ, నాన్ననూ, లేని గొడుగునూ కలిపి చేతులతో చెప్పిన ఆ వాక్యానికి అందులో చోటు దొరకలేదు.

చేతులను ఆపే ఈ అలవాటు కొత్తది కాదు. 1880లో మిలాన్‌లో సమావేశమైన బధిర విద్యావేత్తలు బోధనలో సంజ్ఞలను తోసిపుచ్చారు. 2010లో కెనడాలోని వాంకూవర్‌లో జరిగిన బధిర విద్యా సదస్సు ఆ తీర్మానాలను తిరస్కరించి విచారం తెలిపింది. మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం బధిర పిల్లలకు తగిన భాషలోనే చదువు చెప్పాలంటోంది. భారతీయ సంజ్ఞా భాషా నిఘంటువు 2021 నాటికి పదివేల పదాలకు చేరింది.

నేను ఉచ్చారణ సాధనకు వ్యతిరేకిని కాను, వినికిడి యంత్రాలకు అంతకన్నా కాను. అయితే పిల్లల భాషను కొలిచేటప్పుడు సంజ్ఞలనూ, వాటిని కూర్చే తీరునూ లెక్కలోకి తీసుకోవాలి. థెరపిస్ట్‌కు సంజ్ఞా భాష రానప్పుడు, అది వచ్చిన బధిరులొకరు పక్కన కూర్చోవాలి. తెలుగు రాని వైద్యుడు తెలుగు పిల్లవాడికి భాషాలోపం ఉందని తేల్చితే మనం ఒప్పుకుంటామా?

ఇప్పుడు వెళ్లే చోట థెరపిస్ట్ ముందు సంజ్ఞతో అడిగి, ఆ తరువాతే "వాన" అని పలికిస్తున్నారు.