చెవి మీద శనగగింజ

నా కుడి చెవి పైభాగంలో శనగగింజంత గట్టి ముద్ద ఉంది. ఇంటర్ చదివే రోజుల్లో సుల్తాన్ బజార్‌లో ముచ్చటపడి పై చెవి కుట్టించుకున్న ఫలితం. గాయం మానినా మాంసం పెరగడం ఆగలేదు. జుట్టు కప్పేస్తుంది కాబట్టి దాన్ని మరిచిపోయాను. 36 ఏళ్ల వయసులో గుండె ఆపరేషన్‌కు వెళ్లినప్పుడు ఆ చెవి సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతోనే రంధ్రం ఉందట. మెట్రో స్టేషన్ మెట్లెక్కుతుంటే ఆయాసం రావడంతో బయటపడింది. ఛాతీ ఎముకను నిలువునా కోసి, రంధ్రం మూసి, ఎముకను మళ్లీ ఉక్కు తీగలతో కట్టారు. ఆసుపత్రి రోజుల్లో గుర్తున్నదల్లా, దగ్గు వచ్చినప్పుడల్లా దిండును గుండెకు అదుముకోవడం.

ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన కాగితంలో ‘కుట్ల చుట్టూ ఎర్రబడితే వెంటనే రండి’ అని ఉంది. మలక్‌పేటలో మా ఇంటి అద్దం ముందు నిలబడి రోజూ ఆ ఎరుపు కోసం వెతికాను. నాది చామనచాయ కూడా కాదు, నలుపే. దోమ కుట్టినా నా చర్మం ఎర్రబడదు, ఆ చోటు ఇంకాస్త నల్లబడుతుంది. పదకొండో రోజున జాకెట్టు హుక్కులు పెడుతూ అమ్మ, “ఇక్కడ పెనంలా కాలిపోతోందేమే?” అంది. అప్పటికే లోపల చీము పట్టింది. వేడి, వాపు, నొప్పి కూడా చూసుకోమని ఆ కాగితంలో ఒక్క ముక్క రాస్తే ఏం పోయేది?

పెళ్లిచూపుల నాటి నుంచి నా రంగు గురించి మాట్లాడని మనిషి లేడు. మాట్లాడి తీరవలసిన చోట మాత్రం అందరూ మర్యాదగా ఊరుకున్నారు.

మూడో నెలలో దురద మొదలైంది. రాత్రి నిద్రలో గోకేసుకునేదాన్ని. తరువాత కుట్టు గీత ఉబ్బి, నేరేడు రంగులో నిగనిగలాడుతూ, గాయం హద్దు దాటి పక్కకు పాకింది. పసుపు, కొబ్బరినూనె అయ్యాయి. మా చెల్లెలిది పచ్చని ఛాయ. దాని కాన్పు ఆపరేషన్ మచ్చ ఏడాదిపాటు ఎర్రగా ఉండి, ఇప్పుడు తెల్లని దారంలా మిగిలింది. నాదీ అలాగే సర్దుకుంటుందని కూర్చున్నాను.

చర్మవ్యాధుల డాక్టరమ్మ మచ్చ చూడగానే నా జుట్టు పక్కకు తీసి చెవులు చూసింది. “ఆపరేషన్‌కు ముందు ఇది ఎవరికైనా చూపించారా?” రెండూ కీలాయిడ్లేనట, అంటే గాయం మానాక కూడా ఆగకుండా హద్దు దాటి పెరిగే మచ్చలు. నల్లని చర్మాల్లో ఇవి ఎక్కువ. ఛాతీ మధ్య, భుజాలు, చెవులు వీటికి ఇష్టమైన చోట్లు. ఊరికే కోసి తీసేస్తే చాలాసార్లు ఇంకా పెద్దదిగా తిరిగొస్తుందట. ముందే తెలిసినా నాకు కోత తప్పేది కాదు గానీ, గాయం మానగానే సిలికాన్ పట్టీ మొదలుపెట్టేవారు. ఆవిడ నన్ను ఐదో రకం అంది. చర్మాన్ని ఎండకు కమిలే తీరును బట్టి రకాలుగా విడదీసే ఆ కొలత 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే అమెరికా వైద్యుడిది. మొదట్లో అందులో ఉన్న నాలుగు రకాలూ తెల్లవాళ్లవే. మాకు తరువాత చోటిచ్చారు.

ఐదు వారాలకొకసారి మచ్చలోకే స్టెరాయిడ్ ఇంజెక్షన్. గట్టిపడిన మాంసంలోకి మందు ఓ పట్టాన దిగదు. సిరంజి నొక్కే ఆవిడ బొటనవేలు వణకడం కనిపిస్తుంది. సిలికాన్ పట్టీ రోజుకు 12 గంటలు తగ్గకుండా ఉంచుకోవాలి. మే నెలలో చెమటకు అది జారి జాకెట్టులో ఎక్కడో తేలేది.

నాలుగో ఇంజెక్షన్‌కు దురద పోయింది, మచ్చ సగానికి అణిగింది. సూది దిగిన చోట మాత్రం చర్మం పాలిపోయి, బియ్యపు గింజలంత తెల్లమచ్చలు పడ్డాయి. మందు వల్ల అలా అవుతుందనీ, చాలావరకు మెల్లగా రంగు తిరిగొస్తుందనీ డాక్టరమ్మ చెప్పింది. అమ్మ మాత్రం కళ్లజోడు సవరించుకుని దగ్గరగా చూసి, “పోనీలే, ఇక్కడైనా కాస్త రంగు తేలావు” అంది.