7.4 ఎందుకు కుదరదో తెలుసుకోవడానికి నాకు రెండు రాత్రులు పట్టింది

నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి నా క్రిప్టో ఆర్డర్ పడింది. విలువ 108 రూపాయల 96 పైసలు. దీనికోసం రెండు రాత్రులు జాగారం చేశానని ఇంట్లో చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

నేను చేయాలనుకున్నది చిన్న పనే. నా ఏఐ ఏజెంట్ (చెప్పిన పనిని తనే అంచెలంచెలుగా చేసుకుపోయే ప్రోగ్రామ్) క్రిప్టో ఎక్స్ఛేంజ్‌లో ఆర్డర్ పెట్టేముందు ఆ మార్కెట్ రూల్స్ తనే చూసుకోవాలి. ధర ఎంతెంత చొప్పున కదులుతుందో చెప్పేది టిక్ సైజు. ఎన్ని కాయిన్ల చొప్పున కొనాలో చెప్పేది స్టెప్ సైజు. ఇవి కాక కనీస ఆర్డర్ విలువ ఒకటి. ఈ మూడూ ఒక్కో కాయిన్‌కి ఒక్కోలా ఉంటాయి, మధ్యలో మారుతుంటాయి కూడా. అందుకే కోడ్‌లో రాసిపెట్టుకోకుండా ఎంసీపీ టూల్‌తో అప్పటికప్పుడు అడిగించాలనుకున్నాను. ఎంసీపీ అంటే ఏజెంట్‌కి బయటి టూల్స్ తగిలించే పద్ధతి, 2024 నవంబరులో ఆంత్రోపిక్ విడుదల చేసింది.

టూల్ ఇన్‌స్టాల్ అయింది. ఏపీఐ కీ, అంటే ప్రోగ్రామ్ మన ఖాతాని వాడుకోవడానికి ఎక్స్ఛేంజ్ ఇచ్చే రహస్య కోడ్, అదీ వచ్చింది. రూల్స్ చదవడానికి మామూలుగా కీ అక్కర్లేదు, ఆర్డర్ పెట్టడానికే కావాలి. కీ తీసుకునేటప్పుడు విత్‌డ్రా పర్మిషన్ మాత్రం ఇవ్వకండి. డబ్బు బయటికి పంపే హక్కు ఏజెంట్‌కెందుకు?

అసలు కథ ఇక్కడ మొదలైంది. కాయిన్ ధర 13.62 రూపాయలు. కనీస ఆర్డర్ 100 రూపాయలు. "వంద దాటాలి, కానీ ఎంత తక్కువైతే అంత మంచిది" అని ఏజెంట్‌కి చెప్పాను. అది టూల్‌ని అడిగింది. పరిమాణం ప్రెసిషన్ (ఎంత చిన్న ముక్క వరకు కొనొచ్చో చెప్పే లెక్క) 1 అని వచ్చింది. పాయింట్ తర్వాత ఒక అంకె అన్నమాట అనుకుని 7.4 కాయిన్లు అడిగింది. నేనూ అలాగే అనుకున్నాను. రిజెక్ట్. కారణం అడిగితే "చెల్లని పరిమాణం" అని రెండు ముక్కలు.

ఏజెంట్‌కి సిగ్గూ శరమూ ఉండవు కదా. 7.5 పెట్టింది, 7.6 పెట్టింది, మళ్లీ 7.4 కే వచ్చింది. ప్రతిసారీ "సమస్య అర్థమైంది, సరిచేశాను" అని ఎంతో వినయంగా చెబుతోంది. నేను టీ పెట్టుకుని వచ్చేలోపు నలభై సార్లు కొట్టి 429 ఎర్రర్ తెచ్చుకుంది. మరీ ఎక్కువ సార్లు అడుగుతున్నావు, కాసేపు ఆగమని అర్థం. నా పరువు పోయింది అక్కడ.

సపోర్ట్‌కి రాశాను. కేవైసీ పూర్తిచేశారా అని అడిగారు. ఎప్పుడో అయిందని స్క్రీన్‌షాట్ పెడితే, యాప్ అప్‌డేట్ చేసుకోమన్నారు. వీళ్లకి మెయిల్ రాసే టైములో డాక్యుమెంటేషన్ ఇంకోసారి చదువుకోండి, అంతకంటే ఏమీ చెప్పను.

మర్నాడు ఆఫీసులో లంచ్ దగ్గర ఈ గోడు వెళ్లబోసుకుంటుంటే, చేరి మూడు నెలలు కూడా కాని కుర్రాడు టిఫిన్ మూత తీస్తూ అడిగాడు: "ఆ ఒకటి దేంట్లో ఒకటి అన్నా?" పదకొండేళ్ల అనుభవం ఉన్న నాకు ఆ ప్రశ్న రాలేదు. ప్రెసిషన్‌ని కొన్ని ఎక్స్ఛేంజ్‌లు దశాంశ స్థానాల్లో చెబుతాయి, కొన్ని నేరుగా స్టెప్‌గానే చెబుతాయి. మొదటి లెక్కలో 1 అంటే 0.1. రెండో లెక్కలో 1 అంటే అక్షరాలా ఒకటి, ముక్కలు అమ్మరు. ఏ లెక్కో చెప్పే ఫీల్డ్ టూల్ జవాబులోనే ఉంది. జవాబు పొడుగైతే టోకెన్లు (ఏఐ చదివే పదాల ముక్కలు, బిల్లు వీటి లెక్కనే) ఖర్చవుతాయని దాన్ని ఏజెంట్‌కి చేరకుండా కత్తిరించిన మహానుభావుణ్ణి నేనే.

ఆ రాత్రి ఫీల్డ్ మళ్లీ కలిపాను. ఏజెంట్ వెంటనే 7.4 లో చివర కోసేసి 7 పెట్టింది. మళ్లీ రిజెక్ట్! ఈసారి కనీస విలువ చాల్లేదట. ఏడు పదమూడున్నరలు వంద దాటవని గుర్తుపట్టడానికి నాకు ఇంకో అరగంట. స్టెప్‌కి సరిపడా తగ్గించాక విలువ మళ్లీ చూసుకోవాలి, చాలకపోతే ఒక స్టెప్ పైకి వెళ్లాలి. అలా 8 అయింది, ఆర్డర్ పడింది. పైథాన్‌లో ఈ లెక్కలకి దశాంశాల్ని ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ వాడకండి, ఉన్నదున్నట్టు దాచే డెసిమల్ వాడండి. 0.1 కి 0.2 కలిపితే 0.30000000000000004 ఇచ్చే దానితో స్టెప్ సైజు చూడటమంటే కొరివితో తల గోక్కోవడమే.

ఇంకోటి. ఈ టూల్ చెప్పేవి ఎక్స్ఛేంజ్ రూల్సే, మన ప్రభుత్వం రూల్స్ కావు. లాభం మీద 30 శాతం పన్ను 2022 ఏప్రిల్ నుంచి, అమ్మితే 1 శాతం టీడీఎస్ అదే ఏడాది జూలై నుంచి ఉన్నాయి. ఒక కాయిన్‌లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలో తగ్గించుకోనివ్వరు. బాట్ పెట్టి రోజూ వందసార్లు కొని అమ్మండని కోర్సులు అమ్మే యూట్యూబ్ గురువులు ఆ లెక్క ఎందుకు చెప్పరో వాళ్లనే అడగాలి.

ఇందాక సపోర్ట్ నుంచి మెయిల్ వచ్చింది. మీ సమస్య పరిష్కారమైనందుకు సంతోషం, టికెట్ మూసేస్తున్నాం, రేటింగ్ ఇవ్వండి అని. సగం స్టార్ ఇద్దామని చూశాను. అక్కడా స్టెప్ సైజు ఒకటే.