డాబా మీది బల్బు

మంగళవారం, రాత్రి పదకొండున్నర.

పొద్దున బట్టలు ఆరేయడానికి డాబా ఎక్కితే, పక్క బిల్డింగు మూడో అంతస్తులో ఒక పిల్లోడు ఇనుము కడుతూ కనిపించాడు. కాళ్ళకు హవాయి చెప్పులు, తలకు తువాలు. పసుప్పచ్చ హెల్మెట్ ఉంది గానీ తల మీద కాదు. వెల్లకిలా పెట్టి అందులో బైండింగ్ వైరు ముక్కలు పోసుకున్నాడు. ఒక్కో ముక్క తీయడం, కొక్కెంతో రెండు మెలికలు తిప్పడం, మళ్ళీ హెల్మెట్లో చెయ్యి పెట్టడం. సేఫ్టీ బెల్టేమో పరంజా సర్వే కట్టెకు వేలాడుతోంది, దండెం మీద చొక్కాలాగా.

"ఏం నాయనా, ఆ బెల్టు కట్టుకోరాదా?"

"కడితే పని జరగదు మా. రాత్రికి స్లాబు పడల్ల. మీ వీధోళ్ళు స్టే తెస్తాండారంట కదా, ఆ లోపల అయిపోవల్లని మేస్త్రి ఒకటే తొందర."

కోసిగి పక్క పల్లె నుంచి సుగ్గికి, అంటే వలస కూలికి, వచ్చాడట. నాకు నోరు పెగల్లేదు. ఆ కట్టడం వద్దని మా వీధోళ్ళం పెట్టిన అర్జీలో నాలుగో సంతకం నాదే.

పెట్టినందుకు బాధ లేదు. 2009 అక్టోబరు 2న హంద్రీ, తుంగభద్ర కలిసి కర్నూల్లోకి వచ్చినప్పుడు మా హాల్లో గోడ గడియారం దాకా నీళ్ళు. ఆ నీళ్ళు పోయే వంకను పూడ్చి మూడంతస్తులు లేపుతుంటే ఊరుకుంటామా? అధికారులు ఫిర్యాదులు తీసుకునే సోమవారం గ్రీవెన్సుకు పోయి వంక గురించి రాశాం, సందు గురించి రాశాం, ఆఖరికి పార్కింగ్ గురించి కూడా రాశాం. పైనెక్కి పనిచేసేవాళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

మధ్యాహ్నం తమ్ముడికి ఫోన్ చేశా. లాయరు దగ్గర గుమాస్తా వాడు. పదిమంది కూలీలున్న చోట పని మొదలుపెట్టే 30 రోజుల ముందే ఇన్‌స్పెక్టరుకు నోటీసు ఇవ్వాలని 1996 నాటి కట్టడ కార్మికుల చట్టంలోనే ఉండేదట. కట్టడం ఖర్చులో 1 శాతం సెస్సు కార్మికుల బోర్డుకు పోవాలి. ఆ బోర్డులో పేరుండాలంటే ఏడాదిలో 90 రోజులు పనిచేసినట్టు చూపించాలి. మూడు నెలలకో ఊరు మారే ఈ పిల్లోడికి ఆ కాగితం ఎవరు రాసిస్తారు? అసలు దొంగచాటు పనికి నోటీసేంది, నా పిచ్చి గానీ. మేం అర్జీ పెట్టాకే బిల్డింగు చుట్టూ ఆ ఆకుపచ్చ గుడ్డ కట్టారు. రాత్రి పని మొదలైందీ అప్పుడే.

తొమ్మిదింటికి మిక్సర్ మోత మొదలైంది. ఒకే ఒక్క ఫోకస్ లైటు, అదీ స్లాబు మీదికి. ఆడవాళ్ళు తట్టలెత్తుకొని ఎక్కే మెట్లకు రెయిలింగు లేదు, వెలుతురూ లేదు. డాబా మీది బల్బు వేసి, అది చాలక ఎక్స్‌టెన్షన్ బాక్సు తెమ్మన్నాను.

"వద్దని అర్జీ పెట్టిందీ నువ్వే, లైటు వేసేదీ నువ్వేనా?" అన్నాడు మా ఆయన.

అని, బాక్సు తెచ్చిచ్చాడు. వైరు పిట్టగోడ దాకానే వచ్చింది. వెలుగు కింది ఏడెనిమిది మెట్ల వరకే పడుతోంది.