పాడేరు కొండల్లో ఎకరం తోట

విశాఖపట్నం నుంచి పాడేరు వెళ్లే బస్సు చోడవరం, మాడుగుల దాటేవరకు చెరకు తోటల మధ్య సాగి, ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలుపెట్టగానే నేల తీరు పూర్తిగా మారిపోతుంది. డిసెంబరు మొదటి వారం కావడంతో మెట్ట చెక్కల్లో వలిసె అనే నూనెగింజ పంట పూలు ఇంకా మిగిలే ఉన్నాయి. నేను వెళ్లింది మాత్రం కాఫీ పళ్లు కోసే పని చూడటానికి, చిన్న కమతంతో ఒక గిరిజన కుటుంబం ఏడాది పొడవునా ఎలా గడుపుకొస్తోందో తెలుసుకోవడానికి.

పాడేరుకు కొంత దూరంలోని ఆ గూడెంలో మేము చూసిన తోట సుమారు ఎకరం ఉంటుంది. అరబికా కాఫీకి నీడ కావాలి కనుక ముందుగా సిల్వర్ ఓక్ చెట్లు పెంచారు. ఆ చెట్ల మొదళ్లకే మిరియాల తీగలు పాకించారు. వాటి కింద కాఫీ మొక్కలు, తోట అంచున పసుపు, అల్లం ఉన్నాయి. మిరియాలకు అదనంగా సెంటు భూమి కూడా అక్కర్లేదన్న సంగతి కళ్లారా చూస్తే గాని నాకు పూర్తిగా బోధపడలేదు.

ఇంటి యజమాని నెలల లెక్క చెప్పుకొచ్చారు. ఇప్పుడు రాజ్‌మా చేతికొస్తోంది, కాఫీ కోత జనవరి దాకా విడతలుగా సాగుతుంది, అది ముగిసే వేళకు మిరియాలు అందుకుంటాయి. పోడు (కొండవాలున అడవి కొట్టి చేసే సాగు) మీద ఒకే పంట తీసిన రోజుల్లో వానాకాలం వచ్చేసరికి గింజలు అయిపోయేవని, షావుకారు దగ్గర ముందే డబ్బు తీసుకుని, తర్వాత ఆయన చెప్పిన ధరకే సరుకు అప్పగించేవారమని ఆయన అన్నారు. పంటల సంఖ్య పెరగడం కన్నా, డబ్బు వేర్వేరు నెలల్లో రావడమే ఆ అప్పును తగ్గించిందని నాకనిపించింది. అయితే కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. అంతవరకు ఇల్లు నడిపేది పాత పంటలే.

ఆ మాటే ఆయన భార్య మరింత గట్టిగా చెప్పారు. "కాఫీ డబ్బులు వస్తాయి బాబూ, ఇంట్లో చోళ్లు (రాగులు) లేకపోతే ఆ డబ్బంతా సంతలో బియ్యానికే పోద్ది" అన్నారు. అందుకే వాలు చెక్కలో చోడి, సామలు ఇప్పటికీ వేస్తున్నారు. ఆదాయం పెంచాలని చిరుధాన్యాలను తీసేసి తోటలే వేయమనేవారు ఆమె లెక్క ఒకసారి వినాలని నా కోరిక.

అరకులోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. విశాఖపట్నం కేంద్రంగా పనిచేసే గిరిజన సహకార సంస్థ కాఫీని, మిరియాలను కొనుగోలు చేస్తోంది. పండును కోసిన రోజే తొక్క తీసి, పులియబెట్టి, కడిగి ఆరబెట్టిన గింజకు మంచి ధర వస్తుంది. పండును అలాగే ఎండబెడితే తక్కువే. ఆ గూడెంలో చాలామంది ఇంటి ముందు మట్టినేల మీదే పళ్లు ఎండబెట్టడం చూశాను. పొగమంచు రోజుల్లో అవి బూజు పడతాయి, మట్టి వాసన పడతాయి. వారడిగింది మరో కొత్త పంట విత్తనం కాదు: గూడెం మొత్తానికి ఒక సిమెంటు కళ్లం, పండు తొక్క తీయడానికి చేత్తో తిప్పే పల్పర్ యంత్రం, పళ్లు కడగడానికి దగ్గరలో నీళ్లు.