తాడు చుట్టు లెక్క: రెండున్నర చుట్ల దగ్గర ఇంకా తెగలేదు

పైపుకు తాడు చుట్టి, ఒక కొసన చిన్న బరువు కడితే రెండో కొసన ఎంత బరువు దాకా జారకుండా ఆగుతుందో కొలుస్తున్నాను. మళ్లీ 4.4 కిలోలే. పైపు మీద రెండున్నర చుట్లు తిప్పిన తాడు సరిగ్గా అక్కడికి రాగానే జారిపోతోంది. పుస్తకంలోని సూత్రాన్ని నమ్మితే 10 కిలోలు దాటాలి. నేను కూర్చుని సవరించుకున్న లెక్క ప్రకారం చూసినా 5.8 కిలోలు రావాలి. కిలోన్నర తేడాను కొలతలో దొర్లిన పొరపాటు అని సరిపెట్టుకోవడం నా వల్ల కాదు. చెన్నైలో ఈ ఉక్కపోతలో మేడ మీద బకెట్టు పక్కన కూర్చోవడం సరదా కోసమే అయినా, ఇంత మొండికేస్తే ఒళ్లు మండుతుంది.

స్టాటిక్స్‌లో, అంటే కదలని వస్తువుల మీది బలాల శాస్త్రంలో, నేను కొలిచి చూసిన మిగతా లెక్కలన్నీ బుద్ధిగా ఉన్నాయి. 150 మి.మీ. వ్యాసార్ధమున్న అర్ధవృత్తపు ప్లైవుడ్ ముక్కకు సెంట్రాయిడ్ (ఆకారపు నడిమి బిందువు) తిన్నటి అంచు నుంచి 63.7 మి.మీ. దగ్గర ఉండాలి, తూకపుదారంతో చూస్తే 64 వచ్చింది. 60 మి.మీ. వెడల్పు, 150 ఎత్తు ఉన్న చెక్క దిమ్మ గరుకు కాగితం మీద 22 డిగ్రీలకు జారకుండా పల్టీ కొట్టింది, కొట్టాల్సిందీ అక్కడే. నీటి తొట్టి తలుపు మీద త్రిభుజాకారపు ఒత్తిడి లెక్క కూడా కుదిరింది. వీటి గురించి ఇంకేమీ రాయను.

తాడు సంగతికి వస్తే, అమరిక ఇది. బయటి వ్యాసం 60.3 మి.మీ. ఉన్న జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపును రెండు పిట్టగోడల మీద క్లాంపులతో బిగించాను. పైపు తిరగడం లేదు, మార్కరుతో గీత పెట్టి చూశాను. తాడు 4 మి.మీ. అల్లిక నైలాను, బట్టలారేసే తాళ్లు అమ్మే దుకాణంలో దొరికేదే. ఒక కొసకు 200 గ్రాముల నీళ్ల సీసా, రెండో కొసకు బకెట్టు. బకెట్టులోకి సన్నటి గొట్టంతో నీళ్లు వదులుతాను, జారిన క్షణాన గొట్టం నొక్కేసి తూకం వేస్తాను. రెండు కొసలూ నిట్టనిలువుగా వేలాడాలి కనుక అర, ఒకటిన్నర, రెండున్నర చుట్లు తప్ప మధ్యలో ఇంకేవీ కుదరవు.

తూకానికి రిచీ స్ట్రీట్‌లో కొన్న సూట్‌కేసుల త్రాసు వాడుతున్నాను. దానికొక పాడు అలవాటు ఉంది: బరువు కాస్త నిలకడగా కనిపించగానే అంకెను బిగించేస్తుంది, తర్వాత ఎన్ని నీళ్లు పోసినా మారదు. ఈ పని చేయాలనుకునేవాళ్లు వేలాడే త్రాసు మానేసి వంటింటి త్రాసు కొనుక్కోండి. 5 కిలోల వరకు ఒక్కో గ్రాము చూపించేది చాలు. లెక్కలకు మాత్రం క్యాసియో 991 కాలిక్యులేటరు చాలు, అందులోని పట్టిక సదుపాయం ముందు ఫోను యాప్‌లు నాకు ఆనవు.

ఇక అంకెలు. అర చుట్టుకు 440 గ్రాములు. అంటే నిష్పత్తి 2.2, దాన్నుంచి ఘర్షణ గుణకం (ఒత్తే బలంలో ఘర్షణ ఎన్నో వంతో చెప్పే అంకె) 0.251. ఆయిలర్, ఐటెల్‌వైన్ పేర్లతో చలామణి అయ్యే సూత్రం ప్రకారం ప్రతి అర చుట్టుకూ అదే నిష్పత్తితో మళ్లీ గుణించాలి, కాబట్టి ఒకటిన్నర చుట్లకు 2.2 ఘనం, రెండున్నరకు 2.2 అయిదో ఘాతం రావాలి. అంటే 2.13 కిలోలు, 10.3 కిలోలు. నాకు వచ్చినవి 1.7, 4.4. వెనక్కి లెక్కగడితే గుణకం 0.251 నుంచి 0.227కు, అక్కడి నుంచి 0.197కు జారుతోంది. చుట్లు పెరిగేకొద్దీ గుణకం తగ్గడమేమిటి? అదే తాడు, అదే పైపు.

మొదటి అనుమానం తాడు బిగుసుతనం మీద. పైపు చుట్టూ వంగడానికి తాడు మొరాయిస్తే, ఆ అదనపు బలం తక్కువ బరువుల దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే చుట్టును అర దగ్గరే ఉంచి సీసా బరువు మార్చాను. 200కు 440, 500కు 1010, 1000కి 1910, 2000కి 3660. బిగుసుతనం ఒక్కటే కారణమైతే ఈ బిందువులు సరళరేఖ మీద పడాలి, రేఖ నిట్టనిలువు అక్షాన్ని సున్నాకు కాస్త పైన కోయాలి. పడలేదు. రేఖ ఏటవాలు 1.9, 1.8, 1.75 అంటూ తగ్గుతూ పోయింది. గుణకం రూపంలో చూస్తే 0.251, 0.224, 0.206, 0.192. బరువు పదింతలైతే గుణకం దాదాపు నాలుగో వంతు పోయింది.

అంటే తప్పంతా గుణకం ఒక్కటే అంకె అనుకోవడంలో ఉంది. ఘర్షణ బరువుకు అనుపాతంలో ఉంటుందని 1699లో అమొంతాన్ చెప్పిన మాట చెక్కకూ ఇనుముకూ బాగానే నడుస్తుంది. నూలు, నైలాను లాంటి పోగులు మెత్తగా నొక్కుకుపోతాయి. వాటిలో ఘర్షణ బలం ఒత్తిడికి ఒకటో ఘాతంలో కాక అంతకన్నా తక్కువ ఘాతంలో పెరుగుతుందన్నది వస్త్ర పరిశ్రమవాళ్లకు పాత సంగతి. ఆ ఘాతం మూడింట రెండు వంతులకూ ఒకటికీ మధ్య ఉంటుంది. నా అంకెలకు 0.884 సరిపోయింది. నిర్ధారణ కోసం వాలుపలక పరీక్ష కూడా పెట్టాను. తాడు ముక్కలు అంటించిన చెక్కను 300 గ్రాములతో ఇనుప రేకు మీద ఉంచితే 15 డిగ్రీలకు జారింది, మీద 3 కిలోలు పెడితే 11.5 డిగ్రీలకే జారింది. గుణకం 0.268 నుంచి 0.203కు పడిపోయిందన్నమాట. పరీక్షల్లో అడిగే స్టాటిక్స్ లెక్కల్లో "గుణకం 0.25 అనుకొనుము" అని ఇచ్చే మాట మీద నాకు అప్పటి నుంచి గౌరవం తగ్గింది.

ఈ ఘాతాన్ని పెట్టి సమాకలనం (తాడును చిన్న చిన్న ముక్కలుగా తీసుకుని కూడే లెక్క) మళ్లీ చేశాను. తాడు వెంట బిగువు (లాగే బలం) పెరిగేకొద్దీ గుణకం తగ్గుతూ పోతుంది కనుక ఘాతాంక వృద్ధి కాస్త నెమ్మదిస్తుంది. ఒకటిన్నర చుట్లకు 1.77 కిలోలు వచ్చింది, కొలిచింది 1.7. సంతోషమే. రెండున్నరకు 5.84 వచ్చింది, కొలిచింది 4.4. సంతోషం అక్కడితో సరి.

పైగా ఈ సవరణ పైపు వ్యాసాన్ని కూడా లెక్కలోకి లాగుతుంది. పుస్తకపు సూత్రంలో వ్యాసానికి చోటే లేదు. నా లెక్క ప్రకారం 27 మి.మీ. పైపు మీద ఒత్తిడి ఎక్కువ, గుణకం తక్కువ, అర చుట్టుకు 440 బదులు 410 రావాలి. వచ్చింది 450! తగ్గాల్సింది పెరిగింది. ఇక్కడ మాత్రం బిగుసుతనమే పని చేస్తోందని నా ఊహ. 4 మి.మీ. తాడును అంత సన్నటి పైపు మీద వంచితే వేళ్లకే తెలుస్తుంది.

రెండో అనుమానం సాగుడు. పైపు మీదున్న తాడుకు పెన్నుతో గుర్తులు పెట్టి, పక్కనే పైపు మీద కూడా గీతలు గీశాను. బకెట్టు 3 కిలోలకు చేరేసరికి ఆ వైపు గుర్తు దాదాపు 3 మి.మీ. కిందికి దిగింది, సీసా వైపు గుర్తు ఇసుమంత కూడా కదల్లేదు. అంటే తాడు మొత్తం ఒక్కసారిగా జారడం లేదు. జారుడు బకెట్టు వైపు మొదలై, పైపు చుట్టూ పాకుతూ సీసా వైపుకు చేరినప్పుడే మనకు కనిపిస్తోంది. అప్పటికి చాలా భాగం కదిలే ఘర్షణలోకి వెళ్లిపోయి ఉంటుంది, నిలకడ ఘర్షణ కొసన మాత్రమే మిగిలి ఉంటుంది. కదులుతుండగా అర చుట్టుకు కొలిస్తే 440 బదులు 415 చాలింది, అంటే గుణకం 7 శాతం తక్కువ. దాన్ని రెండున్నర చుట్లకు వేస్తే 5.84 కాస్తా 4.74 అయింది. బాగా దగ్గరికొచ్చింది కానీ అందలేదు. పోనీ అనుకుంటే ఒకటిన్నర దగ్గర కొలత నిలకడ లెక్క 1.77కూ కదిలే లెక్క 1.53కూ మధ్యన పడింది. రెండున్నర దగ్గర రెండింటికీ కిందకు పోయింది. ఇదే నన్ను నిద్రపోనివ్వని ముక్క.

మూడోది తేమ. నైలాను గాలిలోని తేమను పీల్చుకుంటుంది. చెన్నైలో పొద్దున ఒక గాలి, సముద్రపు గాలి తిరిగాక మరో గాలి. తేమ 58 శాతం ఉన్నప్పుడు అర చుట్టుకు 440, 74 ఉన్నప్పుడు 455. కాబట్టి తేమ ఘర్షణను కొంచెం పెంచుతోంది. రెండున్నర చుట్లకు మాత్రం ఎప్పుడు చూసినా 4.4 దగ్గరే.

ఎందుకో ఇప్పుడు ఒక ఊహ ఉంది. సముద్రపు గాలి తేమతో పాటు ఊపును కూడా తెస్తుంది. సన్న ధారతో 4 కిలోలు నిండడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా బకెట్టు లోలకంలా ఊగుతూనే ఉంటుంది. 15 డిగ్రీల ఊపుకు కింది బిందువు దగ్గర తాడులో బిగువు 6.8 శాతం పెరుగుతుంది. 4.4 కిలోల బకెట్టు ఆ క్షణాన 4.7 కిలోల్లా లాగుతుంది. నాకు కావలసిన అంకె 4.74. అర చుట్టుకు బకెట్టు చప్పున నిండిపోతుంది, ఊగే వ్యవధి ఉండదు. తేమ పెంచినదాన్ని ఊపు లాగేసుకుంటోందేమో. అయితే పొద్దున గాలి లేనప్పుడు కూడా 4.4 ఎందుకు వచ్చిందన్నదానికి ఇది జవాబు కాదు. అప్పుడు గొట్టం ధార తగిలే అదురే కారణమా? మేడ మీద తేమ, గాలి జంటగా వస్తున్నంతకాలం ఈ రెండింటినీ విడదీయలేను.

కాబట్టి పైపును కిందికి, మెట్ల సందులోకి మారుస్తున్నాను. నీళ్లకు బదులు పిడికెడు పిడికెడు ఇసుక. తేమ కావాలంటే తడిగుడ్డలు వేలాడదీస్తాను. "ముందు బట్టలారేసుకోవడానికి ఒక తాడైనా మిగల్చరా" అంది అమ్మ. కొత్త తాళ్ల కోసం కాసిమేడు వైపు వెళ్లాలి. చేపల రేవు కనుక పడవ తాళ్లు అమ్మేవాళ్లు అక్కడ ఉంటారు. పాలియెస్టరు తాడు నైలానంత సాగదు, తేమనూ పెద్దగా పీల్చదు. సాగుడు మీద నా అనుమానం నిజమైతే అందులో రెండున్నర చుట్ల కొలత నిలకడ లెక్కకు దగ్గరగా రావాలి.

ఈలోగా కళ్లు మహాబలిపురంలో వాలు మీద నిలిచిన కృష్ణుడి వెన్నముద్ద అనే పెద్ద బండరాయి మీద పడ్డాయి. దాదాపు 250 టన్నులంటారు, 6 మీటర్ల ఎత్తు. 1908లో మద్రాసు గవర్నర్ ఆర్థర్ లాలీ ఏడు ఏనుగులతో లాగించినా కదల్లేదని చెబుతారు. రాయి మీద రాయికి గుణకం 0.6 అనుకున్నా 31 డిగ్రీల వాలు దాకా జారదు, కాబట్టి అక్కడ ఘర్షణకు ఢోకా లేదు. అసలు ప్రశ్న పల్టీ. ఆనిక (రాయి నేలకు ఆనిన చోటు) వెడల్పు 1.2 మీటర్లని, గురుత్వ రేఖ (బరువు కేంద్రం నుంచి నిట్టనిలువుగా దిగే గీత) సరిగ్గా నడుమన ఉందని అనుకుంటే, 3 మీటర్ల ఎత్తున తాడు కట్టి అడ్డంగా లాగడానికి 50 టన్నుల బలం కావాలి. ఏడు ఏనుగులకు అది అందేది కాదు. కానీ అది నిలిచింది వాలు మీద. గురుత్వ రేఖ పల్లం వైపు ఎంత జరిగి ఉందో తెలిస్తే ఈ 50 ఎంతకు తగ్గుతుందో తేలుతుంది. ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు వైపుల నుంచి ఫొటోలు తీసి, రాతిని అడ్డంగా పలకలుగా కోసినట్టు లెక్కగట్టి సెంట్రాయిడ్ రాబట్టాలని ఉంది. ఫొటోలో కొలబద్దకు మా తమ్ముణ్ని నిలబెడతాను, 172 సెం.మీ. ఉంటాడు. రద్దీ పెరగకముందే చేరుకోవాలి, లేకపోతే అందరూ దాన్ని రెండు చేతులతో ఎత్తిపట్టినట్టు ఫొటోలు దిగుతూ ఆనిక కనిపించనివ్వరు.