కర్రి బతికితేనే నేను బతుకుతానన్నారు

నా కుడిచేతి బొటనవేలి మొదట్లో రెండు మచ్చలున్నాయి. ఒకటి శనగపప్పంత, ఇంకోటి ఆవగింజంత. జాకెట్ గుడ్డ కోసేటప్పుడు కత్తెర పిడి సరిగ్గా ఆ పెద్ద మచ్చ మీదే ఒత్తుకుంటుంది. కర్రి అనే కుక్క కరిచిన మచ్చలవి. ఇన్నాళ్ళూ దీని గురించి రాయలేకపోయాను. ఇప్పుడు ఆ మచ్చని చూసినా గుండె దడ రావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

మాది హనుమాన్ జంక్షన్ దగ్గర ఊరు. నేను ఇంట్లోనే మిషను కుడతాను. మా ఎదురింట్లో అద్దెకున్నవాళ్ళు 2024 ఎండాకాలంలో ఇల్లు ఖాళీ చేసి వెళ్తూ కుక్కని వీధిలో వదిలేసి పోయారు. నల్లటి ఆడకుక్క, ఏడాది కూడా ఉండదు. పిల్లగా ఉన్నప్పుడు దాని మెడకి ఆకుపచ్చ నైలాన్ తాడు కట్టారు. కుక్క పెరిగింది, తాడు పెరగలేదు. వెళ్ళేటప్పుడైనా ఆ ముడి విప్పి పోవచ్చు కదా! ఒక్క నిమిషం పని. ఆ నిమిషం వాళ్ళకి దొరకలేదు.

జులై నెలాఖరుకి దాని దగ్గరికి వెళ్తే వాసన కొట్టేది. చెవుల నిండా గోమార్లు. ఎవరి గుమ్మంలోకి వెళ్ళినా చీపురు తిరగేసేవాళ్ళు. నేనూ రెండుసార్లు తరిమాను, ఆ మాట దాచను. ఆగస్టు 6, మంగళవారం మధ్యాహ్నం అది మా నీళ్ళ కుండీ పక్కన వచ్చి పడుకుంది. పెరుగన్నం పెడితే రెండు ముద్దలు తిని తల వాల్చేసింది. అప్పుడు చూశాను మెడని. తాడు కనపడటం లేదు. చర్మం దాని మీదకి మూసుకుపోయింది. ఒక్కచోట ముడి మాత్రం బయటికుంది. ముడి కింద తెల్లగా ఏదో కదులుతోంది. పురుగులు.

దారాలు కత్తిరించే చిన్న కత్తెర తెచ్చి ముడి కోశాను. అప్పటిదాకా అది కదల్లేదు. తెగిన కొస పట్టుకుని లాగాను, అక్కడే పొరపాటు చేశాను. మాంసంలో ఇరుక్కున్న తాడు లాగితే ఎవరికైనా ప్రాణం పోతుంది. చటుక్కున తిరిగి చెయ్యి కరిచింది. కరిచి వదిలేసి, నాకంటే ఎక్కువ బెదిరిపోయి, గోడ మూలకి నక్కి వణికింది. తాడు మాత్రం నా చేతిలోకి వచ్చేసింది.

మా అత్తయ్య కారం డబ్బా, సున్నం డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. మా అమ్మాయి అప్పుడు పదో తరగతి. "నాయనమ్మా, అవేవీ పెట్టకూడదు" అని అడ్డం పడి, నా చెయ్యి కుళాయి కింద పెట్టి, బట్టల సబ్బుతో కడుగుతూ గోడ గడియారం చూస్తూ నిలబడింది. పదిహేను నిమిషాలు. నేను చాలమ్మా అన్నా వదల్లేదు. నా ప్రాణం నిలబడటానికి మొదటి కారణం ఆ పిల్ల.

తర్వాత ఒక ప్రైవేటు డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాం. టీటీ, పిచ్చికుక్క వ్యాక్సిన్ మొదటి డోసు వేశారు. చిన్నప్పుడు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అని విని భయపడేవాళ్ళం కదా, ఇప్పుడు అదేం లేదు. భుజానికి ఐదు డోసులు: మొదటి రోజు, తర్వాత 3, 7, 14, 28 రోజులకి. అంతే. కానీ ఆ డాక్టరు గారు చీటీ రాస్తూ, తల ఎత్తకుండానే ఒక మాటన్నారు. "కుక్కని పది రోజులు చూసుకోండమ్మా. అది బతికితే మీరూ బతికినట్టే. అది పోతే మాత్రం వెంటనే ఫోన్ చెయ్యండి."

ఆయనకది రోజుకి నలుగురితో అనే మాటే అయ్యుంటుంది. నాకు మాత్రం ఆ రోజు నుంచి నా ఆయుష్షు తీసుకెళ్ళి ఆ పురుగులు పట్టిన కుక్క మెడలో కట్టినట్టయింది. అది ఎలాగూ చచ్చేలా ఉంది. అది చస్తే నేనూ చస్తానా? ఆయన్ని ఇంకో ప్రశ్న అడగడానికి నోరు రాలేదు. బయట ఇంకా పాతికమంది కూర్చుని ఉన్నారు.

గాయంలోంచి రక్తం వచ్చింది కాబట్టి వ్యాక్సిన్‌తో పాటు సీరం (వ్యాక్సిన్ పని మొదలుపెట్టేలోపు జబ్బుని గాయం దగ్గరే ఆపే మందు) కూడా పడాలని తర్వాత తెలిసింది. రెండు చోట్ల అడిగితే స్టాకు లేదన్నారు. మా ఆయన విజయవాడ వెళ్ళి తెచ్చారు. నా బరువు 58 కిలోలు. కిలోకి 20 యూనిట్ల లెక్కన 1160 యూనిట్లు, అంటే 300 యూనిట్ల సీసాలు నాలుగు. రెండు గాజులు తాకట్టుకి వెళ్ళాయి. మొదటి డోసు పడ్డాక ఏడు రోజుల లోపు సీరం వేస్తే చాలట, నాకు శుక్రవారం వేశారు. భుజానికి కాదు, గాయంలోనే, గాయం చుట్టూ పొడుస్తారు. ఆ నొప్పి గురించి ఎక్కువ రాయను.

దానికి ముందురోజు, గురువారం, కర్రిని ఆటోలో గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. పేరు అప్పటికే మా అమ్మాయి పెట్టేసింది. మూతికి గాజుగుడ్డ కట్టి, పురుగులు ఒక్కొక్కటీ తీసి, గాయం శుభ్రం చేసి, రక్తం చూశారు. టిక్ ఫీవర్ అన్నారు. గోమార్ల వల్ల వచ్చే జబ్బు. చిగుళ్ళు సున్నం కొట్టినట్టు పాలిపోయి ఉన్నాయి. డాక్సీసైక్లిన్ మాత్రలు 28 రోజులు, అన్నం తిన్నాకే వెయ్యాలి అన్నారు. "బతుకుతుందా?" అని అడిగితే, "రక్తం చాలా తక్కువుందమ్మా. చూద్దాం" అన్నారు. నన్ను కరిచిందని చెప్తే, విడిగా కట్టేసి ఉంచమని, గ్లౌజులు లేకుండా ఎవరూ ముట్టుకోవద్దని చెప్పి పంపారు.

దొడ్లో రేకుల షెడ్డు కింద కట్టేశాం. అటు చూస్తే వరలక్ష్మీ వ్రతం 16వ తేదీ, శుక్రవారం. ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ నా దగ్గరే. ఆ శుక్రవారమే పదో రోజు. చెయ్యి వాచి బొటనవేలు వంగదు. మిషను ముందు కూర్చుని గంటకోసారి లేచి వెళ్ళి అది ఊపిరి తీస్తోందో లేదో చూసొచ్చేదాన్ని. జాలితో చూస్తున్నానో, నా ప్రాణం కోసం చూస్తున్నానో నాకే తెలిసేది కాదు.

ఆదివారం రాత్రి వాన. కరెంటు పోయింది. పదకొండింటికి టార్చి పట్టుకుని వెళ్ళాను. కర్రి నిలబడి ఉంది. కింది దవడ వేలాడుతోంది. నోటి నుంచి చొంగ తీగలా నేల దాకా కారుతోంది. నీళ్ళ గిన్నె దగ్గరికి వచ్చింది, మూతి పెట్టింది, తాగలేకపోయింది. నోట్లోకి వెళ్ళిన నీళ్ళు వెళ్ళినట్టే బయటికి వచ్చేశాయి. మళ్ళీ మూతి పెట్టింది. మళ్ళీ అంతే. తల విదిలించి, వెనక్కి వెళ్ళి, నా వైపు చూసింది.

నాకు కాళ్ళు ఆడలేదు. పిచ్చి కుక్క నీళ్ళు తాగలేదని చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఇంట్లోకి వచ్చి ఎవరినీ లేపలేదు. వంటింట్లో గ్లాసుడు నీళ్ళు ముంచుకుని తాగాను, గొంతు పట్టేస్తుందేమో చూద్దామని. దిగాయి. కాసేపటికి ఇంకో గ్లాసు. తెల్లారేలోపు ఎన్ని తాగానో లెక్కలేదు. ప్రతి గుటకకీ గొంతు మీద చెయ్యి పెట్టుకుని చూసుకున్నాను. కరిచిన ఐదు రోజులకే మనిషిలో ఆ జబ్బు బయటపడదని, ఎక్కువగా నెలల మీద బయటపడుతుందని అప్పుడు నాకు తెలియదు. ఒకసారి బయటపడితే దాదాపుగా ఎవరూ బతకరన్నది మాత్రం తెలుసు. మూడింటికి ఆర్డర్ల పుస్తకం తీసి, కొవ్వొత్తి వెలుగులో, ఎవరి జాకెట్ ఏ కవర్లో ఉంది, ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారు, అన్నీ మా అమ్మాయికి అర్థమయ్యేలా రాశాను. ఎడమచేత్తో రాసిన ఆ పేజీ ఇంకా ఉంది. చింపడానికి చేతులు రాలేదు.

తెల్లారి మా మరిది వచ్చి చూసి, "వదినా, ఇంకేం చూస్తారు, కొట్టి పారేద్దాం" అని కర్ర తీశాడు. ఆ క్షణం నాకు భయం పోయి కోపం వచ్చింది. "అది చస్తే దానికేం జబ్బో ఎవరు చెప్తారు? నా సంగతి ఎవరు చెప్తారు?" అని షెడ్డుకి అడ్డంగా నిలబడ్డాను. నా మీద ప్రేమతోనే అన్నాడని తెలుసు. అయినా ఆ కర్ర చప్పుడు మర్చిపోలేను.

మా ఊరి పశువుల ఆసుపత్రి కాంపౌండరు గారికి ఫోన్ చేస్తే ఏడింటికల్లా మోచేతుల దాకా తోలు గ్లౌజులు వేసుకుని వచ్చారు. "దవడ ఇలా వేలాడితే పిచ్చి కూడా అయ్యుండొచ్చు, వేరే ఏదైనా కూడా అయ్యుండొచ్చు. ఎవరూ నోట్లో చెయ్యి పెట్టకండి" అని, బోనులో ఎక్కించి మళ్ళీ గన్నవరం తీసుకొచ్చారు. డబ్బులిస్తే తీసుకోలేదు. రక్తం తక్కువున్న కుక్కకి మత్తు ఇవ్వడం ప్రమాదమే అంటూనే, కొంచెం మత్తిచ్చి నోరు తెరిచారు అక్కడి డాక్టరు గారు.

అంగిలికి అడ్డంగా, పై పళ్ళ మధ్య, బిగుసుకుపోయి ఉంది ఎముక ముక్క. నా చిటికెన వేలంత. పటకారుతో పట్టి లాగితే టక్కున వచ్చింది.

నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఆయన ముందు చేతులు కడుక్కుని వచ్చి, నా పక్కన స్టూలు వేసుకుని, నిదానంగా చెప్పారు. పిచ్చి సోకిన కుక్క చొంగలోకి ఆ వైరస్ జబ్బు బయటపడే కొద్ది రోజుల ముందే వస్తుందట. ఆ దశకొచ్చిన కుక్క పది రోజుల్లో జబ్బు పడి చనిపోతుందట. కాబట్టి పదో రోజుకి అది బాగుంటే, కరిచిన రోజు దాని నోట్లో వైరస్ లేనట్టే. "అది తెలుసుకోవడానికే పది రోజులు చూడమంటారు. అంతేగానీ టిక్ ఫీవర్‌తో అది పోయినంత మాత్రాన మీకేమీ కాదు. మీరు కడుక్కున్నారు, వ్యాక్సిన్ మొదలుపెట్టారు, సీరం వేయించుకున్నారు. మీ ప్రాణం కుక్క చేతిలో లేదమ్మా." ఈ నాలుగు ముక్కలూ ఆ మొదటి రోజే ఎవరైనా చెప్పి ఉంటే నాకు ఆ రాత్రి ఉండేది కాదు.

ఇంటికొచ్చి ఎముక సంగతి చెప్తే అత్తయ్య మొహం మారిపోయింది. శ్రావణ మాసం, మా ఇంట్లో నీచు వండం. ఆవిడైతే ఆ నెలంతా వాసన కూడా పడనివ్వదు. అలాంటి మనిషి ఆదివారం పూట పక్కింటికెళ్ళి, "దానికి రక్తం లేదంట, కాస్త ఎముకలుంటే ఇవ్వండి" అని అడిగి తెచ్చి, ఎవరూ చూడకుండా వేసిందట. కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. ఆవిడ మీద నాకు అంతకుముందు ఎన్నో ఉన్నాయి. అవేవీ ఆ రోజు గుర్తు రాలేదు.

పదో రోజు, వ్రతం నాడు, కర్రి గిన్నెడు అన్నం తిని తోక ఊపింది. నేను తోరం కట్టించుకున్న చేత్తోనే దానికి మాత్ర వేశాను, గ్లౌజు తొడుక్కుని. కుక్క బాగుంది కదా, మిగతా డోసులెందుకు అన్నారు కొందరు. నేను ఐదూ వేయించుకున్నాను. ఆఖరిది సెప్టెంబరు 3న. బుడమేరు పొంగి విజయవాడలో సింగ్ నగర్ మునిగిన రోజులవి. మా చెల్లెలు వాళ్ళు మేడ మీద నీళ్ళ మధ్య ఉన్నారు, ఫోన్లు కలవవు. ఆ టెన్షన్‌లో కూడా డోసు మానలేదు. మొదటి రోజు చూసిన ఆ ప్రైవేటు డాక్టరు గారితో అన్నాను, "కుక్క బతికిందండీ" అని. "ఏ కుక్క?" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. చదువుకున్న మీ మీద కోపం కాదు డాక్టరు గారూ, మీ ఒక్క మాట మా ఇళ్ళలో ఎన్ని రాత్రులు తిరుగుతుందో మీరు తెలుసుకోవాలి.

మీలో ఎవరినైనా కుక్క గానీ పిల్లి గానీ కరిస్తే, రక్కినా సరే, ముందు సబ్బు, పారే నీళ్ళు, పదిహేను నిమిషాలు. కారం, పసుపు, సున్నం, నాటుమందు, తాయెత్తు, ఏవీ వద్దు. కట్టు బిగించి కట్టకండి. పది రోజులు చూశాక వెళ్దామని ఆగకండి, అదే రోజు వెళ్ళండి. రక్తం వస్తే సీరం గురించి మీరే నోరు తెరిచి అడగండి. కరిచిన కుక్కని కొట్టి చంపకండి, దూరంగా వదిలి రాకండి. దెబ్బ తిన్న కుక్కకి సాయం చెయ్యాలనుకుంటే నాలా ఒట్టి చేతులతో మాత్రం వెళ్ళకండి.

మా అమ్మ చిన్నతిరుపతి వెంకన్నకి మొక్కుకుంది. కార్తీకంలో ద్వారకా తిరుమల వెళ్ళి మూడు కత్తెరలు ఇచ్చాను. నన్ను కాపాడింది స్వామే అంటుంది అమ్మ. నేను కాదనను. ఆ రోజు కుళాయి కింద నా చెయ్యి పట్టుకుని నిలబడింది కూడా ఆయనే అనుకుంటాను.

కర్రికి చలికాలంలో పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించాం, ఏటా వ్యాక్సిన్ వేయిస్తున్నాం. మెడ చుట్టూ వేలంత వెడల్పున ఇంకా వెంట్రుకలు రాలేదు. జాకెట్ లైనింగ్ గుడ్డ రెండు మడతలేసి పట్టీ కుట్టాను. మా అమ్మాయి సెలవులకి వచ్చినప్పుడల్లా రెండు వేళ్ళు దూర్చి చూస్తుంది, బిగుతుగా ఉందేమో అని. అన్నం మాత్రం అత్తయ్యే పెడుతుంది. పెరుగన్నం మెత్తగా పిసికి, ముద్ద ముద్దకీ వేళ్ళతో తడిమి చూసుకుని, అప్పుడు గిన్నెలో వేస్తుంది.