ఫోర్క్‌లిఫ్ట్ నేర్చుకుందామనుకుంటున్న తమ్ముళ్లకు

మేడ్చల్, శంషాబాద్ వైపు ఎటు చూసినా గోదాములు లేస్తున్నాయి కదా, దాంతో "అన్నా, ఫోర్క్‌లిఫ్ట్ (గోదాముల్లో సరుకు ఎత్తి మోసే బండి) నేర్చుకుంటే పని దొరుకుతుందా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. దొరుకుతుంది. కానీ ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి: బండి మీద, లోడుతో, నన్ను ఎన్ని గంటలు కూర్చోబెడతారు? సూటిగా జవాబు రాకపోతే అక్కడి నుంచి వచ్చేయండి. ఒకటి రెండు రోజుల్లో సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపేవాళ్లు ఉన్నారు, ఆ కాగితం పట్టుకుని బండెక్కే కుర్రాళ్లను చూస్తే నాకు నిజంగా భయమేస్తుంది, ఎందుకంటే చుట్టూ హమాలీలు నడుస్తుంటారు.

కారు అలవాటు ఇక్కడ పనికిరాదు. ఫోర్క్‌లిఫ్ట్ వెనక చక్రాలతో తిరుగుతుంది, ముందు మాత్రమే చూసుకుంటూ స్టీరింగ్ తిప్పారంటే వెనక భాగం పక్కకి ఊగి ర్యాక్ కాలుకో మనిషికో తగులుతుంది.

ఇంక బరువు సంగతి. మాకు నేర్పిన సారు మొదటి రోజు బండి ముట్టుకోనివ్వలేదు, దాని మీదున్న కెపాసిటీ ప్లేటు ముందు నిలబెట్టి ప్రతి అంకె చదివించారు. 3 టన్నులు అని రాసుంటే ఏ సరుకైనా 3 టన్నులు ఎత్తేస్తుందని కాదు. మామూలుగా ఆ సైజు బండికి, సరుకు బరువు మధ్య భాగం ఫోర్కు (సరుకు కిందకి దూర్చే ఇనుప పళ్లు) మొదలు నుంచి 500 మిల్లీమీటర్ల దూరంలో ఉంటేనే ఆ లెక్క. 1200 మిల్లీమీటర్ల ప్యాలెట్‌ని (సరుకు పేర్చే చెక్క బల్ల) పొడవు వైపుగా ఎత్తితే మధ్య భాగం 600కి జరుగుతుంది, అంతే, మోయగలిగే బరువు తగ్గిపోయింది. బాగా ఎత్తుకి లేపితే ఇంకా తగ్గుతుంది.

ర్యాంపు మీద లోడు ఎప్పుడూ ఎత్తు వైపే ఉండాలి, అంటే దిగేటప్పుడు రివర్స్‌లోనే దిగాలి. బండి ఒరిగిపోతుంటే బయటికి దూకకండి! దూకినవాళ్లే దాని కింద పడతారు. బెల్టు పెట్టుకుని, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, ఒరిగే వైపుకి కాకుండా దానికి అవతలి వైపుకి వంగి లోపలే ఉండాలి. ఇది నేర్పని చోట ఇంకేం నేర్పినా నేను లెక్కలోకి తీసుకోను.

లారీల వైపు వెళ్దామనుకునేవాళ్లకి కూడా ఒక మాట. ఉస్తాద్ దగ్గర క్లీనర్‌గా ఏళ్ల తరబడి తిరిగి నేర్చుకునే రోజులు మారాలి. 20 ఏళ్లు నిండి, లైట్ (కారు లాంటి చిన్న బండ్ల) లైసెన్స్ తీసుకుని ఏడాది దాటితే హెవీ (లారీ) లైసెన్స్‌కి వెళ్లొచ్చు, 8వ తరగతి చదివుండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల్లో హెవీ కోర్సు 38 గంటలు, ఆరు వారాల్లో అయిపోతుంది, పాసైతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు మళ్లీ బండి నడిపి చూపించే పని ఉండదు. సిరిసిల్ల దగ్గర మండేపల్లిలో ట్రాకులతో పెద్ద శిక్షణ కేంద్రమే ఉంది, దగ్గరి జిల్లాలవాళ్లు ఒకసారి వెళ్లి కనుక్కోండి.

ఫోర్క్‌లిఫ్ట్ ఇంటర్వ్యూకి వెళ్తే సర్టిఫికెట్ చూసేది తర్వాత. ఎక్కే ముందు టైర్లు, మాస్ట్ (ఫోర్కుని పైకి కిందకి నడిపే నిలువు స్తంభం) గొలుసులు, ఆయిల్ లీకులు, హారన్, బ్రేకు చూసుకుంటున్నారా లేదా అని ముందు గమనిస్తారు. మా గోదాములో అయితే చూసుకోకుండా ఎక్కినవాడికి తాళం కూడా ఇవ్వరు.